బోర్ల వేయని బొమ్మ

హేమంతము ముదిరి మంచు దట్టమై కొల్లేటి నీరేదో ఆకాశమేదో యేర్పరింపరాని ప్రాతఃకాలమున, మొదట ఆ మంచులోనుండి ఱెక్కల చప్పుడును పిదప ముక్కుల టకటకయు వినవచ్చి, కడపట తూర్పుదెస నెఱ్ఱని వెలుగు సోకినంతనే, మొదలంట నీట మునిగిన తుమ్మచెట్ల కొమ్మకొమ్మకు గూళ్ళు గట్టుకొని కాపురముండు ఎఱ్ఱకాళ్ళ కొంగలు పసుపుపచ్చని ముక్కులతో గులాబివన్నె తోకలతో వందలకొలది ప్రత్యక్షమగు ఆ శోభను కన్నులార చూచినవారు పుణ్యాత్ములు. చూచి దానిని కాగితముపై పట్టుకొనగలిగినవారు మఱింత పుణ్యాత్ములు. పట్టుకొనబోయి తామే దానికి చిక్కినవారి సంగతి మాత్రము, చదువరీ, నన్నడుగకుము. ఎట్లును చెప్పక తప్పదు గనుక అడుగకయే చెప్పెదను.

పెడనలో పని నేర్చి కైకలూరిలో కాపురము పెట్టిన నాగలింగాచారి బట్టల యద్దకమునకు వలయు టేకు అచ్చులు చెక్కుటలో దిట్ట. ఆతడు చెక్కిన మామిడిపిందెను చిలుక చూచినచో కొఱికిపోవునని యూరివారు పరిహాసమాడుచుందురు. పని యెంత మెత్తనో మాట యంత పెళుసు. ఆతని యిల్లాలు కామాక్షమ్మ. వారి యేకైకపుత్రిక భ్రమరాంబ. ఈ బాలికకు చిన్ననాటనుండియు లతలును పిందెలును రుచింపక పక్షులమీదనే మనసు పాఱెను. తెల్లవాఱకమున్నే పడవ యెక్కి కొల్లేటిలో తిరిగి, కదలెడి పక్షిని కదలుచుండగనే పెన్సిలుతో గీసికొని వచ్చును. ఏ యీక యే వన్నెయో నీటిరంగులతో వేఱొక ముక్కపై వేసి తల్లికి చూపును. తండ్రి ఆ గీతను కొయ్యపై చెక్కి మసితో కాగితముపై నచ్చువేయును. తల్లి ఆ యచ్చులలో కుంచెతో రంగు నింపును.

“అమ్మా, నీ కొంగ పసుపంతా తాగేసిందే!” యని కూతురు నవ్వును.

“ఓసి నీ అసాధ్యం కూలా! నీ కొంగ కుదురుగా ఉంటే గదటే నేను కుదురుగా వేసేది!” యని తల్లి కసరును. నాగలింగాచారి ఉలి యాపకయే మీసములలో నవ్వుకొనును. ఆ యింట సంతోష మనగా నింతియే.

అయితే ఆచారికి ఒక పట్టుదల యుండెను. తక్కిన పనివారు గీతవెంట సూదితో బెజ్జములు పొడిచి బొగ్గుపొడి యద్ది కొయ్యపైకి నకలు దింపుకొందురు. ఆతడు దానిని ఎంగిలిగీత యని యసహ్యించుకొని, బిడ్డ గీసిన కాగితమునే పలుచని జిగురుతో కొయ్యపై బోర్ల నంటించి, వెనుకనుండి నూనె రాచి గీత కనబడునట్లు చేసి, దానిచుట్టును కొయ్యను తొలిచివేయును. బోర్ల నంటించుట యెందులకనగా అచ్చు పడునప్పుడు బొమ్మ కుడియెడమలు తాఱుమాఱగును; ముందే తిరుగవేసినచో అచ్చులో మరల సరియగును. ఆ వృత్తిలో నిది ఓనమాలు. చెక్కుట ముగియగనే గీతమీద మిగిలిన కాగితపు పొరను తడిగుడ్డతో తుడిచివేయును. ఇక చేతిగీత యన్నది మిగులదు; రంగుముక్కలును తల్లి కుంచెనీటిలో నాని చినిగిపోవును. “కాగితం పోతే పోనీ నాన్నా, పిట్ట కొయ్యలో ఉంటది గదా!” యని కూతురే తండ్రిని సమర్థించుచుండెను. అందుచేత భ్రమరాంబ యన్ని యేండ్లు గీసిన గీతలలో నొక్కటియు ఆ యింట నిలిచి యుండలేదు.

ఆ యేటి హేమంతమున వారొక పెద్దబొమ్మను రెండచ్చులుగా తలపెట్టిరి. ఎడమప్రక్క గూడు, గూటిలో కుడివైపునకు మెడలు సాచి నోళ్ళు తెఱచిన పిల్లలు, కుడిప్రక్కనుండి మేత తెచ్చి దిగుచున్న తల్లికొంగ. గూటి యచ్చు ముందే సిద్ధమయ్యెను. తల్లికొంగ దిగెడి తీరు మాత్రము భ్రమరాంబకు ఎన్నిసార్లు పోయినను చిక్కకుండి యొకనాటి యుదయమున చిక్కెను. ఆమె గీత ముగించి, కాగితమును రేకుపెట్టెలో భద్రపఱచి పడవనడుపు పెద్దిరాజు చేతికిచ్చి, కాళ్ళు వ్రేలాడు తీరును మఱియొక ప్రక్కనుండి చూడగోరి, గుఱ్ఱపుడెక్క దట్టముగా నల్లుకొనిన తావును గట్టినేల యనుకొని యడుగిడెను. అది నేల కాదు.

పెద్దిరాజు దూకెను, వెదకెను, కేకలు వేసి పల్లెవారినందఱిని నీట దింపెను. సాయంకాలమునకు గాని యామె తేలలేదు. వీపు పైకి, ముఖము నీటిలోనికి. పరుగుపరుగున వచ్చిన తండ్రి మొలలోతు నీటిలో దిగి, బోర్లపడియున్న ఆ బంగారుబొమ్మను తన రెండు చేతులతో వెల్లకిల త్రిప్పెను. పెద్దిరాజు రేకుపెట్టె నాతని ముందుంచి “పెట్టె నా చేతికిచ్చింది గాని చెయ్యందియ్యలేదు బాబూ! చెయ్యందియ్యలేదు!” అని తల బాదుకొని యేడ్చెను.

దినవారములు గడిచి బంధువులు వెడలిపోయిన పిదప ఆ కాగిత మొక్కటియే యా యింట మిగిలెను. కామాక్షమ్మ దానిని విడువదు. తినునప్పుడు తొడమీద, పరుండునప్పుడు ఱొమ్ముమీద. అన్నము వండిన నాడు వండినట్లు, మానిన నాడు మానినట్లు. చూచి చూచి నాగలింగాచారి యొకనాడు నోరు విప్పెను.

“కామాక్షీ, ఆ కాగితం ఇటియ్యవే. అమ్మాయి బొమ్మ సగంలో ఆగిపోయింది.”

“ఇయ్యను. చెక్కేస్తే నాకేం మిగులుద్ది? దాని చెయ్యి తగిలింది ఇదొక్కటే గదా!”

“పెన్సిలు గీతే అది. నువ్వట్టా రోజూ తడుముతుంటే నాలుగు రోజులకి చెరిగిపోద్ది. కొయ్యలో అయితే మనం పోయినా ఉంటది.”

ఈ మాటలో నిజముండెను. ఉండుటచేతనే యది మఱింత క్రూరమయ్యెను. సూదిబెజ్జముల నకలు దింపుకొని కాగితమును ఆమెకే విడువరాదా యని మీరడుగుదురు. నేనును అడిగెదను. ఏమి చేయుదము! పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు. బిడ్డ కడపటి గీతను ఎంగిలి చేయుట బిడ్డకే యపచారమని యాతని మొండితనము. కామాక్షమ్మ కొన్నాళ్ళు ఆ కాగితమును కొంగున దాచుకొని తిరిగెను. ఒక వేకువ తానే వచ్చి కాగితమును ఆతని యొడిలో నుంచెను.

“ఇదిగో. ఇంక నాకు మిగిలిందేం లేదు. ఒక్కటే కోరిక. ఆ కొంగ పిల్లల దగ్గరికి తిరిగొచ్చినట్టు నాకు కనపడాల. కొల్లేట్లోకి పోయింది ఇంటికి రావటం ఒక్కసారి కళ్ళారా చూడాల నేను.”

“చూపిస్తానే,” యని యాతడు మాట యిచ్చెను.

నాగలింగాచారి స్నానము చేసి కొయ్యకు మ్రొక్కి జిగురు రాచి కాగితము నంటించెను. ఉలి పట్టిన క్షణమునుండి యాతనికి వేఱొక లోకము లేకుండెను. ముక్కు కొన, మెడ వంపు, విచ్చిన ఱెక్క, వ్రేలాడు కాళ్ళు, ఒక్కొక్క గీతయు బిడ్డ ప్రక్కన కూర్చుండి చూపుచున్నట్లే తోచెను. గీత యెన్నడు లేనంత తేటగా కనబడుచుండెను. నూనె యక్కఱయే లేకపోయెను. “మా తల్లే! మా తల్లే! నాన్న కళ్ళు మసకలని ఎంత స్పష్టంగా గీశావే!” యని యాతడు మురిసిపోయెను. అయ్యో, ఆ మురిపెము! దానిని తలచుకొన్నచో ఈ కథ చెప్పు నాకే నోరు రాకున్నది. చెక్కుట ముగిసి తడిగుడ్డ చేత బట్టునప్పటికి గడపలో కూర్చున్న కామాక్షమ్మ కన్నులు మూసికొనెను. ఆమె తెఱచునప్పటికి కాగితము లేదు.

ఆచారి రెండచ్చులను ప్రక్కప్రక్కన బిగించెను. అప్పుడైనను చూడవలదా? కన్నులు చూచెను గాని మనసు చూడలేదు. మసి రాచి కాగితము పఱచి గుడ్డయుండతో రుద్ది మెల్లగా పైకెత్తి భార్య చేతికిచ్చెను. గూడు ఎడమప్రక్క నున్నది. పిల్లలు కుడివైపునకు నోళ్ళు తెఱచియున్నవి. కొంగయు కుడివైపునకే తిరిగియున్నది. దిగెడి కొంగకును ఎగిరెడి కొంగకును కాళ్ళు వ్రేలాడు తీరు ఒక్కటియే కావున, అది గూటికి వెన్నిచ్చి యెగిరిపోవుచుండెను. పిల్లలు దాని తోకను చూచి నోళ్ళు తెఱచుకొనియున్నవి.

నాగలింగాచారి చతికిలబడెను. తల నెరసినదాక ఉలి పట్టినవాడు ఓనమాలు తప్పెను. ఎందుకు తప్పెనో ఆతనికి అప్పుడు తెలిసెను. నీట బోర్లపడిన బిడ్డను వెల్లకిల త్రిప్పిన చేతులవి. ఆ చేతులు ఆమె గీతను మరల బోర్ల వేయనోపక, తనకు తెలియకయే, దానిని వెల్లకిల పరుండబెట్టినవి.

“నా చేతులు పడిపోను!” అని యాతడు అచ్చుమీద తల మోదుకొనెను. “బోర్లా వెయ్యలేకపోయానే కామాక్షీ! వెయ్యలేకపోయాను! దానికేం గాని, గూడు ఇంకోటి చెక్కుతా. గూటిని కూడా తిప్పి కుడిపక్కకి పెట్టేస్తా. పిల్లల నోళ్ళు ఇటు తిప్పితే కొంగ గూటికొచ్చినట్టే ఉంటది. కొంచెం ఓపిక పట్టవే, నీకు పుణ్యముంటది!”

ఆతడన్నది చేయదగినదే, మంచి పనివానికి కొన్నినాళ్ళ పని. కామాక్షమ్మ ఆ బొమ్మను ఒడిలో పెట్టుకొని చాలసేపు చూచెను. కోపము వచ్చునని యాతడు తల వంచుకొని యుండెను. కోపము రాలేదు. ఆమె మసి యంటిన ఆతని చేతులను తన చేతులలోనికి తీసికొని యొక్కొక్క వ్రేలును కొంగుతో తుడిచెను.

“నేనైనా దాన్ని బోర్లా వెయ్యలేనయ్యా,” అనెను. పిదప, “వద్దు. గూటిని తిప్పితే అది వస్తదా? పోయింది మన పిల్ల. పోయిందాన్ని పోయినట్టే ఉండనియ్యి.”

అని నీరు తెచ్చుకొని రంగు కలిపి, బిడ్డ పోయిన తరువాత నంటని కుంచె నంటి, ఎగిరిపోవుచున్న ఆ కొంగ తోకకు గులాబివన్నె వేయుటకు కూర్చుండెను. ఏడ్చుచునే వేసెను, వేయుచునే యేడ్చెను. ఆచారి కాగితము కదలకుండ అంచు పట్టుకొనెను.

పోవువారికి ఆకాశమంతయు త్రోవయే; ఉండువారికి గూడొక్కటియే. ఆ బొమ్మ చూచినవారు గూటిలో నోళ్ళు తెఱచుకొనియున్నవి కొంగపిల్లలే యనుకొందురు. కావు చదువరీ, వారు తల్లిదండ్రులు.