చలికొండ మీద తాటితోట

ఒమాన్‌లోని జబల్ అఖ్దర్ కొండ మీద ఖర్జూరం పండదు. చలికాలం తెల్లవారుజామున తొట్టిలో నీళ్లు గడ్డకట్టే చోటు అది. సముద్రపు ఒడ్డున ఖర్జూరపు తోటల్లో పెరిగిన సఫూరాను ఆ కొండమీది ఇంటికి కోడలిగా పంపారు. కొత్తలో ఆమె పుట్టింటి మీద బెంగతో చిక్కి సగమైపోతుంటే, భర్త చూడలేక హిమాలయాల నుంచీ చైనా కొండల నుంచీ చలికి తట్టుకునే అరుదైన తాటిజాతి మొక్కలు తెప్పించి ఇంటి చుట్టూ నాటాడు. విసనకర్రల్లాంటి ఆకులు, గోనె చుట్టినట్టు మాను నిండా పీచు.

కడప జిల్లా రాయచోటి నుంచి జైనబీ ఇంటిపనికి వచ్చేనాటికే ఆ చెట్లు ఇంటికప్పును దాటి ఉన్నాయి. వచ్చిన ఏడాదే ఊళ్లో ఆమె తల్లి చనిపోయింది. వెళ్లడానికి వీలు కాలేదు. ఆ రోజు సఫూరా ఆమెను పనిలోకి రానివ్వలేదు. తల ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంది. అప్పటి నుంచి జైనబీ ఆమెను 'యుమ్మా' అనే పిలిచేది. అరబ్బీలో అమ్మా అని.

మొన్న రంజాన్ తరువాత సఫూరా భర్త పోయాడు. సఫూరాకు ఊపిరి అందడం లేదు, కొండ దింపమన్నాడు డాక్టరు. మస్కట్‌లో ఉండే కొడుకు తోటను బేరానికి పెట్టాడు. హోటళ్లు నడిపే ఎహసాన్ కొనడానికి వచ్చాడు.

జైనబీ కాఫీ అందిస్తుండగా సఫూరా అతనితో అంది: "చెట్ల మీద గొడ్డలి పడకూడదు. జైనబీ ఇక్కడే ఉంటుంది. వాటిని ఇన్నాళ్లూ సాకింది ఆమే."

"సంతోషం. ఆమె వీసా నా పేరు మీదికి మార్పిస్తాను" అన్నాడు ఎహసాన్.

జైనబీ పళ్లెం అక్కడే పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. వెనకాలే సఫూరా గోడ పట్టుకుంటూ వచ్చింది.

"నన్ను గూడా చెట్లతో పాటే అమ్మేస్తివి గదా యుమ్మా!"

కోపంలో తెలుగు వచ్చేసింది. సఫూరా అర్థం కాక చూసింది. జైనబీ అదే మాట అరబ్బీలో మళ్లీ చెప్పింది.

సఫూరా స్టూలు మీద కూలబడింది. "నా కొడుకు ఫ్లాట్‌లో పనిమనిషి ఉంది. నిన్ను తెచ్చుకుంటానని ఎంత అడిగినా ఒప్పుకోలేదు. ఇక్కడైతే నీకో నీడ ఉంటుందనుకున్నాను."

"నువ్వు లేని ఇంట్లో నాకేం పని? ఊరికి పోతా."

సఫూరా లేచి హాల్లోకి వెళ్లింది. "ఆమె ఉండదు" అని చెప్పింది.

"చూసేవాళ్లు లేకుండా చెట్ల విషయంలో నేను మాట ఇవ్వలేనమ్మా" అన్నాడు ఎహసాన్, మర్యాదగానే.

"ఇవ్వకు" అంది సఫూరా, అమ్మకం కాగితాల మీద సంతకం చేసింది.

కొడుకు పంపిన కారులో ఇద్దరూ కిందికి దిగారు. నడిపేది కొడుకు దగ్గర డ్రైవరుగా ఉన్న జగిత్యాల మనిషి భూమేశ్. కొండ కింది ఊళ్లో ఖర్జూరాలు గెలలు గెలలుగా ఎర్రబారి ఉన్నాయి. సఫూరా కారు ఆపమంది. దిగలేక, అద్దం దించుకుని చూస్తూ ఉండిపోయింది.

"ఆయన నాటినవాటిలో మా ఊరి చెట్టు నాకు ఒక్కనాడూ కనబడలేదు, జైనబీ" అంది. "ఒక్క పండైనా కాయలేదు. ఎలా ఉన్నాయని అడిగినప్పుడల్లా అచ్చం మా ఊళ్లో లాగే ఉన్నాయనేదాన్ని. ఆయన ముఖం వెలిగిపోయేది."

జైనబీ ఆమె చెయ్యి పట్టుకుంది. మస్కట్ చేరేదాకా వదల్లేదు.

ఫ్లాట్ గుమ్మంలో సఫూరా తన మెడకు చుట్టుకున్న ఉన్ని శాలువ తీసి జైనబీ భుజాల మీద కప్పింది. కింద ఎండ మండిపోతోంది. జైనబీ దాన్ని తీయకుండానే ఎయిర్‌పోర్టుకు వెళ్లింది.

చలికాలం మొదట్లో భూమేశ్ రాయచోటికి ఫోన్ చేశాడు.

"గేటు కాడ నాలుగు చెట్లున్నయి చెల్లే. కడమయి కొట్టేసిండ్రు. రూములు కడుతున్రు."

జైనబీ అడిగింది: "యుమ్మా ఎట్లుందన్నా?"

"కిటికీ కాడ కూసుంటది. మతి సక్కగ ఉంటలేదు. కొత్త పనామెను గూడ జైనబీ, జైనబీ అనే పిలుస్తది."

"ఆయమ్మి పలుకుతాదా?"

"నా పేరు అది గాదని మొదట్ల కసురుకునేది. ఇప్పుడు ఊకుంటున్నది."

"ఊరకుండొద్దని చెప్పన్నా" అంది జైనబీ. "పలకమను."