గడప బయట చూసిన కెమెరా

ధర్మవరంలో నేను నేసిన పట్టుచీర పోయిన వారం వాపసు వచ్చింది. ఫోన్ ఫొటోలో నీలంగా ఉండాది, చేతికొస్తే పచ్చగా ఉండాదని కొన్నామె తిట్టింది. పడుగు నీలం, పేక పచ్చ. ఎట్ల తిప్పితే అట్ల మారే చీర అది. నేను మోసం చేయలేదు, ఫోనే ఒక రంగును మింగింది. దళారి లేకుండా అమ్ముకోవాలంటే ఫొటో నిజం చెప్పాల.

ఆ చీరనే సంచిలో వేసుకుని హిందూపురంలో కెమెరాల అంగడికి పోయినా. అంగడి సాదిక్ పెద్దదొకటి ముందు పెట్టినాడు.

"ఇరవై నాలుగు మెగాపిక్సెళ్లక్కా!"

"వాటిని కట్టుకుంటారేమబ్బా? చీరను తియ్యి, చూస్తా."

ఫ్లాష్ కొట్టి తీసినాడు. చీర వెలవెలబోయింది.

చీర కొనేవాళ్లు గడప బయటికి తెచ్చి వెలుతుర్లో చూస్తారు, కెమెరానూ అట్లే చూద్దామన్నా. సాదిక్ నవ్వుతానే అన్నిట్లోకీ చౌకైన డీఎస్‌ఎల్‌ఆర్ పట్టుకుని వెంట వచ్చినాడు. ఫ్లాష్ ఆపి, రంగుల సెట్టింగును ఎండకు మార్చి నా చేతికిచ్చినాడు.

మెట్టుమీద చీర మడత తిప్పుతా రెండుసార్లు నొక్కినా. ఒకదాంట్లో నీలం, ఇంకోదాంట్లో పచ్చ.

"పెద్దదాన్నీ బయటికి తెచ్చేదా?"

"ఎందుకప్పా, ఇది చాలు. బిల్లు రాయి."

బస్సు పెనుకొండ దాటినా కెమెరా నా ఒళ్లోనే ఉండాది. పక్క సీటామె ఫొటోలు చూసి అడిగింది.

"రెండు రంగులూ ఒక చీరవేనా? ఎవరమ్ముతారు?"

"నేనేనమ్మా."