ఇన్‌ఛార్జి పేర్లు ఎక్కని బోర్డు

నేను ఒక చెక్క బోర్డును. ముత్తెంపాడు జిల్లా పరిషత్ హైస్కూల్లో, హెడ్మాస్టరు కుర్చీ వెనక గోడకి వేలాడుతుంటాను. నల్లరంగు మీద తెల్లక్షరాలు. వరస సంఖ్య, పేరు, ఎప్పట్నుంచి, ఎప్పటివరకు. అంతే నా చదువు. కుర్చీ వెనక ఉంటాను గనక హెడ్మాస్టర్ల ముఖాలు నాకు పెద్దగా తెలియవు. బట్టతలలు తెలుసు. పైవాళ్ళ దగ్గర్నుంచి ఫోనొస్తే ఏ మెడ ఎంత వంగేదో చెప్పమంటే నిద్రలో కూడా చెప్తాను.

పుట్టుకకి వస్తే, నేనేమీ గొప్పింటి చెక్కని కాను. స్టాఫ్ రూములో చెదలు పట్టిన బీరువా తలుపులో మిగిలిన మంచి సగాన్ని. బందు బిగించిన చిల్లులు రెండు ఇప్పటికీ నా ఎడమ పక్కన ఉన్నాయి. నన్ను కోయించి, రంగు వేయించింది మొదటి హెడ్మాస్టరు గోపాలాచార్యులుగారు. అప్పటికి బడి పెట్టి రెండేళ్ళు. ఉన్నది ఒక్క హెడ్మాస్టరు. ఒక్క పేరు కోసం అంత బోర్డా అని ఎవరూ అడగలేదు, అడిగే ధైర్యం ఎవరికుంది!

ఆ రెండేళ్ళలో ఆచార్యులుగారు ఆర్నెల్లు జబ్బుపడి సెలవులో ఉన్నారు. అప్పుడు బడి నడిపింది లెక్కల మాస్టారు వీరభద్రంగారు. ఎండలో పిల్లలు కళ్ళు తిరిగి పడిపోతున్నారని ప్రార్థనని ముందు వాకిలి నుంచి వెనక నీడలోకి మార్చారాయన. ఆచార్యులుగారు తిరిగొచ్చి, నన్నడక్కుండా నా ప్రార్థన మారుస్తాడా అని మండిపడ్డారు. పేర్లు రాసే మస్తాన్ ఇదంతా తెలియక, ఆచార్యులుగారి పేరు కింద సుద్దముక్కతో వీరభద్రంగారి పేరు గీసుకున్నాడు. ఆయన చూశారు.

"వాడు హెడ్మాస్టరా? ఇన్‌ఛార్జి. ఇన్‌ఛార్జి పేర్లు బోర్డుకెక్కవు. తుడిచెయ్" అన్నారు.

మస్తాన్ తడిగుడ్డతో తుడిచేశాడు. అంతే జరిగింది. నేనక్కడే ఉన్నాను, నా ఒంటి మీదే జరిగింది. ఒక పెద్దమనిషి ఉక్రోషం తప్ప అందులో ఇంకేం లేదు. కానీ ఆ మాట మస్తాన్ తన కొడుకు ఖాసింకి చెప్పాడు. అప్పటి అటెండరు తర్వాతి అటెండరు చెన్నయ్యకి చెప్పాడు. గుమాస్తాలు ఒకరికొకరు చెప్పుకున్నారు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి అది రూలయి కూర్చుంది. మధ్యలో ఎందరు ఇన్‌ఛార్జీలు వచ్చిపోయారో! ఒక్కరి పేరూ నా మీద పడలేదు. ఎవరూ అడగనూ లేదు.

ఏడో హెడ్మాస్టరు 2014 జూన్ ముప్పైన రిటైరయ్యారు. ప్రమోషన్లు కోర్టులో ఉన్నాయి, కొత్తాయన రాడు. బడిలో సీనియర్ అయిన సైన్సు టీచరు మేరీ సుగుణగారికి ఇన్‌ఛార్జి ఇచ్చారు. నెల్లో రెగ్యులర్ హెడ్మాస్టరు వస్తారన్నారు. ఆ నెల ఐదేళ్ళు నడిచింది.

ఆవిడ కుర్చీ అంచున కూర్చునేది. నడుం వెనక్కి వాల్చగా నేను చూడలేదు. ఎవరన్నా ఏదన్నా అడిగితే "ఆర్డరు రానివ్వండి చూద్దాం" అనేది. తప్పు ఆవిడది కాదులెండి. ఆ గదిలోకి పొద్దున లేస్తే ఆర్డర్లే. ప్రార్థనలో ఏ రోజు ఏ ప్రతిజ్ఞ చెయ్యాలి, గుడ్డు ఏ వారం పెట్టాలి, మొక్క ఏ తారీఖున నాటాలి, నాటిన మొక్క ఫోటో ఎన్ని గంటల్లోపు పంపాలి. మొక్క బతికిందా అని మాత్రం ఎవరూ అడగరు.

ఒకసారి హెడ్మాస్టర్లందరికీ ఐదు రోజులు నాయకత్వ శిక్షణ అన్నారు. సుగుణగారు బట్టలు సర్దుకుని జిల్లా కేంద్రానికి వెళ్ళింది. మధ్యాహ్నానికల్లా బ్యాగుతో తిరిగొచ్చింది. రెగ్యులర్ వాళ్ళకేనట, ఇన్‌ఛార్జీల పేర్లు లిస్టులో లేవట. పై నెలలో మళ్ళీ ఉత్తరం, మీ బడి నాయకత్వ ప్రణాళిక ఇంకా ఎందుకు పంపలేదని. ఆవిడ నవ్వలేదు, నేను మాత్రం గోడ మీద ఊరికే ఊగాను. గాలికి అనుకున్నారు.

అసలు సంగతి మిరపకాయలతో వచ్చింది. మాది నల్లరేగడి ఊరు. జనవరి నుంచి మార్చి దాకా మిరప కోతలు. పదో తరగతిలో పదకొండు మంది ఆడపిల్లలు తల్లులతో పాటు తెల్లారకుండానే చేలోకి వెళ్ళి, మధ్యాహ్నం బడికొచ్చేవాళ్ళు. టైంటేబులు పైనుంచి వచ్చింది, రాష్ట్రమంతా ఒకటే. పొద్దున లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు. మధ్యాహ్నం బొమ్మలు, ఆటలు, నీతి బోధ. ఆ పదకొండు మందికీ లెక్కలు అందవు, నీతులు మాత్రం పుష్కలంగా అందుతాయి. పరీక్ష మార్చిలో. తప్పితే వాళ్ళని మళ్ళీ బడికి పంపే ఇల్లు అందులో ఒక్కటీ లేదు. పూర్తిగా చేలోకే.

పీరియడ్లు అటూ ఇటూ మార్చుకోడానికి అనుమతి కోరుతూ సుగుణగారు డిసెంబరు మొదట్లోనే ఉత్తరం రాసింది. చెన్నయ్య డివిజన్ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకొచ్చాడు. జవాబు లేదు. గుర్తు చేస్తూ ఇంకోటి రాసింది. లేదు. మూడోది రాసింది. సంక్రాంతి సెలవులు కూడా అయిపోయాయి. రోజూ టపా రాగానే కవర్లు గబగబా తిరగేసేది. ఆవిడ జడ కింద మెడ మీద చెమట నాకు కనిపించేది.

ఒకరోజు ఒంటిగంటన్నరకి తిరుపతమ్మ అనే పిల్ల గదిలోకొచ్చింది. పదకొండు మందిలో ఒకతె. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"మేడమ్, పొద్దున చెప్పిన లెక్కలు మాకెప్పుడు చెప్తారు?"

"చెప్పిస్తానమ్మా. పైనుంచి ఆర్డరు రాగానే చెప్పిస్తాను. ఏదీ, నీ నోటుబుక్కు చూపించు."

పిల్ల చేతులు ముందుకు తెచ్చింది. వేళ్ళు మిరపఘాటుకి ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. పుస్తకంలో అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి.

"పెన్ను పట్టుకుంటే మంట మేడమ్. అయినా రాస్తన్నా. ఆర్డరు మార్చిలోపు వస్తదా?"

సుగుణగారు నోటుబుక్కు మూసి పిల్ల చేతికిచ్చింది. పిల్ల వెళ్ళాక చాలాసేపు ఆ మూడు ఉత్తరాల నకళ్ళూ ముందేసుకుని కూర్చుంది. నా మనసు పీకేసింది, చెక్కకి మనసేమిటంటారా, ఉంది. తర్వాత ఆవిడ స్టాఫునంతా పిలిచి, రేపట్నుంచి పదో తరగతికి లెక్కలూ సైన్సూ మధ్యాహ్నం అని చెప్పింది.

లెక్కల మాస్టారు రంగారావుగారు లేచారు. "ఆర్డరు లేకుండా ఎలా మేడమ్? రేపు మెమో వస్తే బాధ్యత ఎవరిది?"

"నాది. కాగితం మీద రాసిస్తాను."

రాసిచ్చింది. ఆ సంతకం చేశాక నడుం తొలిసారి కుర్చీకి ఆనింది.

ఫిబ్రవరిలో తనిఖీ అధికారి రానే వచ్చారు. రెండో పీరియడ్లో పదో తరగతి పిల్లలు బొమ్మలు వేసుకుంటున్నారు. ఆయన హెడ్మాస్టరు గదిలోకొచ్చి టైంటేబులు కాగితం బల్ల మీద పెట్టారు.

"ఇప్పుడు లెక్కలు జరగాలి. ఎవరి ఆర్డరుతో మార్చారు?"

"నా ఆర్డరే సార్."

"మీరు ఇన్‌ఛార్జి కదా?"

"ఇన్‌ఛార్జినే సార్. పిల్లలు మాత్రం పూర్తి పిల్లలు."

సుగుణగారు మూడు ఉత్తరాల నకళ్ళూ, మధ్యాహ్నం హాజరు పట్టీ ఆయన ముందు పెట్టింది. ఆయన ముఖం నాకెదురుగానే ఉంది. మూడూ చదివారు, సంతకాలు చూశారు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని మెమో రాసి చేతికిచ్చారు. పాత టైంటేబులు పెట్టమని మాత్రం అందులో రాయలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "పరీక్షల దాకా జాగ్రత్తగా నడుపుకోండమ్మా" అన్నారు. మనుషుల్లో ఇదొక విచిత్రం, ఒకే నోటితో తిడతారు, ఒకే నోటితో దీవిస్తారు.

పదకొండు మందిలో తొమ్మిది మంది గట్టెక్కారు, తిరుపతమ్మతో సహా. మిగిలిన ఇద్దరూ జూన్‌లో సప్లిమెంటరీ రాసి గట్టెక్కారు. సుగుణగారి సంజాయిషీకి జవాబు ఇప్పటిదాకా రాలేదు.

2019 జూలైలో రెగ్యులర్ హెడ్మాస్టరు శేషగిరిగారు చేరారు. సుగుణగారు తాళాలగుత్తి అప్పగించి, టిఫిన్ డబ్బా పట్టుకుని స్టాఫ్ రూముకి వెళ్ళిపోయింది. మర్నాడు తొమ్మిదో తరగతికి అయస్కాంతాలు చెప్పుకుంటూ కనిపించిందట. ఐదేళ్ళు బడిని మోసిన మనిషికి వీడ్కోలు మాట కూడా లేదు, ఎందుకంటే ఆవిడ ఎక్కడికీ పోలేదుగా! నాకు కడుపు మండింది.

వారానికి ఖాసిం రంగుడబ్బాతో వచ్చాడు, కొత్త పేరు రాయడానికి. శేషగిరిగారు నా ముందు నిలబడి తారీఖులు చదివారు.

"2014 జూన్ తర్వాత 2019 జూలై. మధ్యలో ఐదేళ్ళు బడి దానంతటదే నడిచిందా చెన్నయ్యా?"

"సుగుణ మేడంగారు నడిపారు సార్. ఇన్‌ఛార్జి. ఇన్‌ఛార్జి పేర్లు రాయకూడదు, రూలుంది."

"ఏదీ, చూపించు."

చూపించడమంటే మాటలా! రెండు రోజులు బీరువాలు తవ్వారు. దుమ్ముకి చెన్నయ్య తుమ్మి తుమ్మి అలిసిపోయాడు. గుడ్డు సైజు మీద సర్క్యులర్ దొరికింది, జెండా కర్ర పొడవు మీద దొరికింది, ఇది దొరకలేదు. డివిజన్ ఆఫీసుకి ఫోన్ చేస్తే, "ఉండే ఉంటుంది సార్, సరిగ్గా వెతకండి" అన్నారు. నాకు నోరుంటే ఒక్క ముక్కలో తేల్చేసేదాన్ని.

శేషగిరిగారు సుగుణగారిని పిలిపించారు. ఆవిడ బల్లకి అవతల నిలబడింది, ముఖం నాకు నిండుగా కనిపించింది.

"వద్దులెండి సార్. ఇన్‌ఛార్జి పేరు రాయరు కదా" అంది.

"ఎవరు చెప్పారు మేడమ్?"

ఎవరు చెప్పారో ఆవిడకీ తెలియదు. ఎవరూ ఇవ్వని ఆర్డరుకి ఇంతకాలం ఇంతమంది తలవంచారని అప్పుడు తట్టినట్టుంది, ఆ ముఖంలో కోపం వచ్చింది. ఆ కోపం చూసి నాకెంత సంతోషమేసిందో!

"హెడ్మాస్టర్ల శిక్షణలో నాకు ఐదు రోజులు నాయకత్వం గురించి చెప్పారు మేడమ్. బీరువాలో దొరికిన మీ మెమో ఫైలు చదవడానికి నాకు అరగంట పట్టింది" అన్నారు శేషగిరిగారు. ఖాసిం వైపు తిరిగి, "రాయవయ్యా" అన్నారు.

ఖాసిం కుంచె ముంచి ఎనిమిదో నంబరు వేశాడు. ఎదురుగా కట్టా మేరీ సుగుణ అని రాశాడు. అలవాటు కొద్దీ ఆగి అడిగాడు.

"పక్కన బ్రాకెట్లో ఇన్‌ఛార్జి అని రాయమంటారా?"

శేషగిరిగారు సుగుణగారి వైపు చూశారు.

"బ్రాకెట్టు వద్దు ఖాసిం" అంది ఆవిడ. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "తారీఖులు మాత్రం సరిగ్గా వెయ్యి. ఒకటి ఏడు రెండువేల పద్నాలుగు" అంది.

వీరభద్రం మాస్టారికి మాత్రం నా మీద చోటు లేకుండానే పోయింది. ఆ దిగులు నాకుంది.

మొన్న పైనుంచి ఫ్లెక్సీ వచ్చింది. అన్ని బళ్ళకీ ఒకటే నమూనా, రెగ్యులర్ హెడ్మాస్టర్ల పేర్లు మాత్రమే. అంటే, లేని రూలు ఇప్పుడు నిజంగానే వచ్చిందన్నమాట! కొత్త గుమాస్తా నన్ను విరిగిన బెంచీల గదిలో పడెయ్యమన్నాడు. చెన్నయ్య నిచ్చెనెక్కి ఫ్లెక్సీని పక్క గోడకి కొట్టాడు. దిగాడు. నన్ను ముట్టుకోలేదు.

"దీన్ని తియ్యవేం?" అన్నాడు గుమాస్తా.

చెన్నయ్య నిచ్చెన మడిచి చంకన పెట్టుకున్నాడు. "కొత్తది పెట్టమని ఆర్డరొచ్చింది, పెట్టాను. పాతది తియ్యమని ఎక్కడుంది సార్? ఏదీ, చూపించండి."