మింగే తల్లి

ముప్పయ్యేళ్లుగా ఆ ముసలావిడ ఒళ్లో ఎవరూ బిడ్డను పెట్టలేదు. కారణం ఆవిడ మొగుడు రాసిన నవల. అందులో ఒక తల్లి సొంత కూతుర్ని నీళ్ల సంపులో పడేసి, పక్కనే కూర్చుని తీరిగ్గా జడ వేసుకుంటుంది. ఎవరడిగినా నవ్వి ఊరుకున్నాడే తప్ప, అది మా ఆవిడ కాదని పోయేదాకా ఒక్క ముక్క అనలేదు ఆ మహానుభావుడు! వాళ్ల కూతురు సంపులో పడి చనిపోయిన మాట నిజమే. జనానికి ఇంకేం కావాలి? నిప్పు లేనిదే పొగ రాదన్నారు.

ఇప్పుడు ఇంట్లో పాకే వయసు మనవరాలుంది. కోడలు పనికి వెళ్తూ పిల్లను ఆయాకి అప్పగిస్తుంది గానీ నాయనమ్మకి కాదు. కాలేజీలో సాహిత్యం చెప్పే ఆ కోడలికి మామగారి నవల మీదే పరిశోధన. ఒకరోజు తనే వచ్చి అత్తగారి మంచం మీద కూర్చుంది.

"అసలేం జరిగింది అత్తయ్యా? నాకు చెప్పండి."

ముసలావిడ చెప్పేసింది. ఆ రోజు తను ఆస్పత్రిలో నర్సు డ్యూటీలో ఉంది. ఇంట్లో ఉన్నది ఆయనే. నీళ్లు తోడుకుని, సంపు మూత వెయ్యకుండా వెళ్లి రాసుకుంటూ కూర్చున్నాడు. ఆమె వచ్చేసరికి పిల్ల నీళ్లలో తేలుతోంది. ఆ రోజు పిల్ల ఒంటిమీదున్న గౌను ఇప్పటికీ దిండు కింద పెట్టుకునే పడుకుంటున్నానని, కొడుక్కి కూడా చెప్పని మాట కోడలికి చెప్పింది.

కోడలు కళ్లు తుడుచుకుంది. "మామయ్యగారి నవల మీద పెడుతున్న సభలో మాట్లాడతాను కదా, మీ మీద ఈ నింద ఉండనివ్వను. ఆ తర్వాత పాప మీ ఒళ్లోనే పెరుగుతుంది."

పిచ్చి తల్లి, ఎంత పొంగిపోయిందో! సభ రోజున, ఒళ్లోకి వచ్చే పిల్లకి గుచ్చుకుంటుందేమోనని కొంగు పిన్నీసు కూడా తీసేసి ముందు వరసలో కూర్చుంది. పక్క కుర్చీలో ఆయా, ఆయా ఒళ్లో పాప.

"ఈ పాత్రలో రచయిత భార్యను వెతకడం పొరపాటు," అంది కోడలు మైకులో. ముసలావిడకి ప్రాణం లేచొచ్చింది.

"ఈమె మనిషే కాదు, ఆర్కిటైప్. అంటే అన్ని కాలాల కథల్లోనూ మళ్లీ మళ్లీ పుట్టే మూలరూపం. కన్నబిడ్డను తిరిగి మింగే తల్లి. సంపంటే సంపు కాదు, ఆమె గర్భం. ఈ తల్లి నవలలోనే కాదు, ఇళ్లలోనూ ఉంటుంది. చచ్చిపోయిన బిడ్డ గౌనును ముప్పయ్యేళ్లుగా దిండు కింద దాచుకున్న ఒకావిడ నాకు తెలుసు. పోయిన బిడ్డను కూడా వదలదు, చూశారా?"

ముందు వరసకేసి చూడనివాడిదే పాపం. ముసలావిడకి ఒళ్లు మండిపోయింది. జారిపోతున్న కొంగు పట్టుకుని లేచి నిలబడింది.

"గర్భమేంటే, నీ మొహం! అది సిమెంటు సంపు. మూత వెయ్యనిది మీ మామగారు. నీకు చెప్పానా లేదా?"

కోడలు తడుముకోలేదు. సభవైపు తిరిగి మెత్తగా నవ్వింది. "నేను చెప్పబోయేది ఆవిడే చెప్పారు. మింగే తల్లి తన నేరం ఒప్పుకోదు. తండ్రి మీదికి తోసేస్తుంది."

హాలు చప్పట్లతో మోగిపోయింది. ముసలావిడ బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది. నోరు మూసుకుంటే హంతకురాలు, తెరిస్తే ఆర్కిటైప్!

ఆ చప్పట్లకి పాప ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. ఆయా ఎంత ఊపినా ఊరుకోలేదు. నాయనమ్మ వైపు చేతులు చాచింది. ముసలావిడ అన్నీ మరిచిపోయి వంగింది.

"ఆయా! పాపని అత్తయ్యకివ్వకు!"

మైకు ఆన్‌లోనే ఉంది. ఆ కేక హాలంతా వినిపించింది.

ముసలావిడ నిదానంగా తలెత్తింది. "నేను మనిషినే కాదన్నావు కదే. మరి ఎవర్ని చూసి భయం?"

ఈ మాటకి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయా పాపను ఎత్తుకుని వెళ్లి వెనక వరసలో కూర్చుంది.