ఏడో హోల్ దగ్గరి నేరేడు

దేశంలోకెల్లా పెద్ద గోల్ఫ్ ఛాంపియన్‌షిప్పును పద్దెనిమిది హోల్సూ నడిచి, గడ్డిపరక వదలకుండా చూసొచ్చానని హర్ష చల్లపల్లి బస్టాండులో దిగీదిగగానే ప్రకటించాడు. నడిచి నడిచి చెప్పులు అరిగిపోయి, చివరి మూడు హోల్సూ వట్టి కాళ్ళతో చూశానన్నాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. కొత్తవాటిలాగే ఉన్నాయి.

జరిగింది వేరు. బంతి కొట్టే చోటు నుంచి అది పడాల్సిన గుంట దాకా ఉన్న పచ్చికనంతా కలిపి హోల్ అంటారు; బెంగుళూరు మైదానంలో అతను మొదటి హోల్ కూడా దాటలేదు. అది పోటీకి ముందు, ఆటగాళ్ళు ప్రాక్టీసు చేసుకునే మంగళవారం. గేటు పక్కనే కప్పును గాజుపెట్టెలో పెట్టి, దాని పక్కన ఫొటో దిగనిస్తున్నారు. ఆ వరుసలో రెండు గంటలు నిలబడ్డాడు. టోపీలమ్మే డేరాలో ఇంకో గంట. తర్వాత బిర్యానీ. బిర్యానీ తర్వాత గ్యాలరీ మెట్ల కింద చిన్న కునుకు. లేచేసరికి ఆటగాళ్ళు కార్లెక్కుతున్నారు.

అసలా పాసు అతనిది కాదు, శ్యాంబాబు మావయ్యది. మావయ్య ఆ మైదానంలో ఇరవై రెండేళ్ళు క్యాడీగా చేశాడు. ఆటగాడి బ్యాగు మోయడం, బంతి తుడవడం, గాలి ఎటు వీస్తోందో చెప్పడం ఆయన పని. మోకాళ్ళు అరిగిపోయి ఊరికి వచ్చేసి పన్నెండేళ్ళయింది. పాత స్నేహితుడొకడు ప్రాక్టీసు రోజు పాసు పంపితే, అరుగు దిగడానికే గోడ పట్టుకునే మనిషి కాబట్టి, దాన్ని మేనల్లుడి చేతిలో పెట్టాడు. అడిగింది ఒక్కటే.

"ఏడో హోల్ దగ్గర, ఇసక గుంటకి ఎడం పక్క, నేరేడు చెట్టుందో లేదో చూసిరారా. నేనూ, నాతోపాటు క్యాడీగా చేసిన మునియప్పా వేశాం. రోజూ బంతులు తుడిచిన తడి టవలు పిండి ఆ నీళ్ళే పోసేవాళ్ళం. వాడు పోయాడు. వాడి ఫొటో ఒక్కటి కూడా లేదు నా దగ్గిర. ఆ చెట్టుంటే చాలు నాకు."

తిరుగు రైలు గుడివాడలో దిగి బస్సు కోసం నిలబడ్డప్పుడు గానీ హర్షకు ఆ చెట్టు గుర్తు రాలేదు. ఎదురుగా ఎవరిదో పెరటి గోడ మీంచి ఒక నేరేడు కొమ్మ వంగి ఉంది. ఒక ఆకు తుంచి జేబులో వేసుకున్నాడు. అప్పటికి అది తమాషాగానే ఉంది.

ఏడో హోల్ చెట్టుదేనని హర్ష ఇచ్చిన ఆ ఆకును మావయ్య రెండు చేతులతో అందుకున్నాడు. వాసన చూద్దామని ముక్కు దాకా తెచ్చి, నలుగుతుందేమోనని ఆగి, బైబిల్లో కీర్తనల మధ్య పెట్టుకున్నాడు. హర్ష నిజం చెప్పేద్దామనుకున్నాడు. కానీ అప్పటికే ప్రేమత్త చేపల పులుసు వడ్డిస్తోంది. పులుసు ముందు నిజం చెప్పిన చరిత్ర అతనికి లేదు.

ఆదివారం మధ్యాహ్నం మావయ్య ఇంట్లో స్తుతి కూడిక పెట్టించాడు. ఉద్యోగం వస్తే పెడతారు, ఆపరేషన్ బాగా జరిగితే పెడతారు. చెట్టు బతికుందని పెట్టడం చల్లపల్లిలో అదే మొదలు. చాపల మీద ముప్ఫైమంది కూర్చున్నారు. ఇంటికి చేపలు తెచ్చే ఏడుకొండలు కూడా స్నేహం కొద్దీ వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు.

పాటలయ్యాక పాస్టరు దానియేలు గారు, "సాక్ష్యం ఎవరు చెప్తారండీ?" అన్నారు.

"మా వాడేనండి. కళ్ళారా చూసొచ్చినోడు" అన్నాడు మావయ్య.

హర్ష లేచాడు. రెండు ముక్కల్లో ముగిద్దామనే లేచాడు. ముప్ఫై జతల కళ్ళు తనవైపు తిరిగేసరికి నాలుక అతని మాట వినడం మానేసింది.

"వందనాలండీ. ఆ చెట్టు తాటిచెట్టుని మించిపోయింది. దాని నీడ మూడు హోల్స్ దాకా పడుతోంది."

"గోల్ఫంటే కర్రతో గోళీలాటే కదరా అబ్బాయ్?" అన్నాడు ఏడుకొండలు.

"ఉండు బాబాయ్! పోయినసారి గెలిచినాయన సరిగ్గా ఆ చెట్టు కిందే నిలబడ్డాడు. ఒకే ఒక్క బంతి. ఒక్క దెబ్బ. తిన్నగా హోల్లో పడింది. బోర్డు మీద స్కోరెక్కింది చూడండీ, జనం ఒకటే చప్పట్లు!"

"స్కోరా?" మావయ్య నవ్వాడు. పాస్టరు గారి వైపు తిరిగాడు. తన పని గురించి చెప్పే అవకాశం ఆ ఊళ్ళో ఆయనకు ఎప్పుడో గానీ రాదు. "కుర్రాడు పొరబడ్డాడండి. ప్రాక్టీసు రోజు స్కోరు రాయరు. ఒక్కో చోట నుంచి మూడేసి, నాలుగేసి బంతులు కొట్టుకుంటారు. అసలు హోల్లోకే కొట్టరండి. పోటీ రోజు హోల్ ఎక్కడ తవ్వుతారో ఊహించి, ఆ గడ్డి మీదికి కొట్టి చూసుకుంటారు. ఏడో హోల్ దగ్గర ఒక్క పది నిమిషాలు నిలబడితే చాలు, ఎవరికైనా..."

మాట అక్కడ ఆగిపోయింది. నవ్వు మాత్రం ఇంకాసేపు ముఖం మీదే ఉండి, తర్వాత పోయింది.

"దొరికావురా!" అని ఏడుకొండలు తొడ చరిచాడు. మావయ్య ముఖం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మావయ్య ఒళ్ళో ఉన్న బైబిలు తెరిచాడు. ఆకు అంచులు అప్పుడే ముడుచుకుంటున్నాయి. దాన్ని ముట్టుకోలేదు.

"హర్షా. ఆట గురించి నువ్వెన్ని కోతలు కోసినా నాకేం పట్టింపు లేదు. అది నాకు తెలిసిందే. ఈ ఆకెక్కడిది?"

ప్రేమత్త చేతిలో టీ పళ్ళెం అలాగే ఆగింది. కూర్చుందామంటే హర్షకు చోటు లేదు, అతను లేచిన చోట పక్కావిడ పిల్లను పడుకోబెట్టింది. ఇలాంటప్పుడు అతనికి ఎప్పుడూ ఏదో ఒకటి తోచేది. కొమ్మ విరిగిందనో, కోతి ఎత్తుకెళ్ళిందనో. ఇప్పుడు మావయ్య వేళ్ళు కనిపిస్తున్నాయి. తడి టవళ్ళు పిండీ పిండీ కణుపులు లావెక్కిన వేళ్ళు.

"గుడివాడది మావయ్యా" అన్నాడు. "బస్సు కోసం నిలబడ్డప్పుడు కోశాను. ఏడో హోల్ దాకా వెళ్ళలేదు. మొదటిదే దాటలేదు. కప్పుతో ఫొటో దిగి, బిర్యానీ తిని, పడుకున్నాను. నీ పాసు మీద వెళ్ళి పడుకున్నాను. చెట్టుందో లేదో నాకు తెలీదు మావయ్యా."