ముందు బాల్కనీ

"ముందు వైపు కాదమ్మాయ్, వెనక వైపు ఆరెయ్. ఎవడైనా ఫొటో తీశాడంటే కేసు మొత్తం నీళ్లపాలు."

అత్తగారు సోఫాలోంచి లేవకుండానే అన్నారు. బాల్కనీ తలుపు గడియ మీద చెయ్యి వేసిన ఆమె అలాగే ఆగిపోయింది. తడిబట్టల బుట్ట ఎడమ నడుము మీద ఆనించి ఉంది. కుడి భుజం పొద్దున్నించీ సలుపుతూనే ఉంది. గడియ వదిలేసి, బుట్ట సర్దుకుని, వంటింటి మీదుగా వెనక్కి నడిచింది.

వెనక వైపు అంటే మనిషి ఒక పక్కకి తిరిగితే తప్ప పట్టని సందు. అక్కడ తీగ తలకి రెండు జానల పైన ఉంటుంది. ముందు బాల్కనీలో తీగ అయితే ఛాతీ ఎత్తులోనే ఉంటుంది. పెళ్లయి ఆమె ఈ ఇంటికి వచ్చిన మొదటి వారంలో భర్తే స్టూలు ఎక్కి పాత తీగ విప్పేసి కిందికి కట్టాడు. "మా పిచ్చుకకి అందాలిగా!" అన్నాడు. ఆ మాట తలుచుకుని ఆమె రెండు రోజులు తనలో తాను నవ్వుకుంది. నాలుగు నెలల కాపురంలో ఆమెకి నచ్చినవన్నీ అలాంటి చిన్నచిన్నవే. తాళాల గుత్తిలో తనకంటూ ఒక తాళం, పసుపు పిడి ఉన్న రెండు కప్పులు, గాలికి అతని చొక్కా చేతులు ఊపుతుంటే దానికి ఎవరూ చూడకుండా తిరిగి చెయ్యి ఊపడం. ముందు బాల్కనీలో ఎండ పదింటిదాకా ఉంటుంది. ఇప్పుడు ఆ ఎండకి అడ్డంగా ఇరవై రోజులుగా కర్టెన్లు వేసే ఉంటున్నాయి.

ఇరవై రోజుల కిందట ఒక ఆదివారం ఇద్దరూ కుండీలో మొక్క కొనుక్కుని వస్తున్నారు. వెనక సీట్లో కుండీ ఒరిగిపోతుంటే ఆమె ముందు సీట్లోంచే కుడి చెయ్యి వెనక్కి చాచి పట్టుకుంది. సిగ్నల్ దగ్గర ఆగారు. అతను ఏదో జోక్ చెప్పాడు, ఆమె నవ్వుతోంది. వెనకనుంచి ఒక కారు మెల్లగా వచ్చి గుద్దింది. నిజంగా మెల్లగానే. పగిలింది ఒక్క వెనక లైటు. కానీ వెనక్కి తిరిగి ఉన్న చెయ్యి భుజంలోంచి మెలిపడింది, కళ్ల ముందు తెల్లగా మెరిసింది. అతను దిగి లైటు దగ్గరికి పరుగెత్తాడు. వెనక కారాయన మాత్రం ముందు ఆమె కిటికీ దగ్గరికి వచ్చాడు. "అమ్మా, మీకేమైనా తగిలిందా?" అని రెండుసార్లు అడిగాడు. ఆ ప్రశ్న ఆ రోజు ఇంకెవరూ అడగలేదు. ఇప్పుడు వాళ్లు దావా వేసింది ఆయన మీదే.

భుజంలో కండరం కొంచెం చిరిగిందని ఎముకల డాక్టరు చెప్పింది. "ఆరు వారాలు బరువు ఎత్తకూడదు, చెయ్యి తలపైకి లేపకూడదు. మాట వినకపోతే భుజం బిగుసుకుపోతుంది. ఇక ఆ చెయ్యి జన్మంతా పైకి లేవదు, గుర్తుపెట్టుకో" అని వేలు చూపించి మరీ చెప్పింది. అతను అప్పుడు గది బయట ఫోన్లో ఉన్నాడు. స్నేహితుడి ద్వారా దొరికిన లాయరుతో మాట్లాడుతున్నాడు. ఆమె బయటికి రాగానే చేతిలోంచి రిపోర్టు తీసుకుని, ఆసుపత్రి ముద్ర ఉందో లేదో చూసుకుని, "ఈ కాగితం బంగారమే పిచ్చుకా!" అన్నాడు. ఇంటికొచ్చాక అత్తగారు పగిలిన లైటుని, ఆమె భుజాన్ని మార్చి మార్చి చూసి, "పగిలింది అదైతే చిరిగింది ఇదా? విచిత్రం కాకపోతే!" అని నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కొత్త కోడలు కదా, అందరూ నవ్వేటప్పుడు నవ్వడం అప్పటికే అలవాటయింది.

దావా వేసిన రోజునుంచి ఇంట్లో రెండు రకాల ఆమెలు తయారయ్యారు. గుమ్మం దాటితే మెడకి తగిలించుకున్న నీలం పట్టీలో చెయ్యి వేలాడేసుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ, భర్త కారు తలుపు తీస్తే మెల్లగా కూర్చునే రోగి. గుమ్మం లోపల పట్టీ విప్పి, తలుపు వెనక మేకుకి తగిలించి, నీళ్ల గిన్నె రెండు చేతులా ఎత్తి పొయ్యి మీద పెట్టే కోడలు. ఒకరోజు పట్టీతోనే వంటింట్లోకి వెళ్లబోతే అత్తగారు ఆపారు. "స్టవ్ దగ్గర అదెందుకమ్మాయ్? నూనె మరకలు పడతాయి. మళ్లీ లాయరు దగ్గరికి వెళ్లాలిగా." ఆ మాట వినడానికి ఎంత సబబుగా ఉందంటే, పట్టీ విప్పి మేకుకి తగిలించాక గానీ అందులో తిరకాసు ఏమిటో ఆమెకి తట్టలేదు.

కళ్లజోళ్ల దుకాణంలో ఆమె ఉద్యోగం కూడా ఆగిపోయింది. కూర్చుని చేసే పని. ఫ్రేముల్లో అద్దాలు బిగించడం, ముసలాళ్ల ముక్కుకి సరిపోయేలా తీగ వంచడం, జోడు పెట్టుకోగానే "అబ్బ, ఎంత బాగా కనిపిస్తోందో!" అనే మొహాలు చూడడం. ఓనరమ్మ ఫోన్ చేసి, "పై అరల్లోవి నేను అందుకుంటాలేవే, నువ్వు వచ్చి కూర్చో చాలు" అంది. లాయరు ససేమిరా వద్దన్నాడు. పనికి వెళ్తే గాయం లేనట్టేనట. అవతలి కారు బీమా కంపెనీ మనుషులు వీధిలో కార్లు ఆపుకుని ఫొటోలు తీస్తారట. నిజంగానే రెండు రోజులుగా ఎదురు మేడ కింద ఒక బూడిదరంగు కారు ఆగి ఉంటోంది. ఆ భయంతోనే మొదటినుంచీ కర్టెన్లు. అందుకే వెనక సందు. చెయ్యి కదిపితే తప్పయ్యేది బయట. లోపల కదపకపోతేనే తప్పు.

సందులో ఆమె మునివేళ్ల మీద లేచి మొదటి దుప్పటి తీగ మీదికి విసిరింది. భుజంలో ఎవరో పురికొస లాగినట్టయింది. రెండోది ఎడమ చేత్తో విసిరింది. అది గోడకి కొట్టుకుని కింద పడింది. కింద పడిన దుప్పటిని చూస్తూ కాసేపు నిలబడింది. మళ్లీ ఉతకాలి.

మధ్యాహ్నం మూడింటికి లాయరు ఆఫీసు. పది రోజుల్లో వాంగ్మూలాలు ఇవ్వాలి. లాయరు టైపు చేయించిన కాగితం ఆమె చేతికిచ్చాడు. మూడో పేరా దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. 'ప్రమాదం జరిగిన నాటి నుండి నేను ఇంటిపనులేవీ చేయలేకపోతున్నాను. వంట, బట్టలు ఉతకడం, ఇల్లు శుభ్రం చేయడం మొదలైనవన్నీ నా భర్త, నా అత్తగారు చేస్తున్నారు.' అత్తగారూ అతనూ తమ కాగితాల మీద నిన్ననే సంతకాలు పెట్టేశారట.

"మీ అమ్మగారి సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు సార్" అని లాయరు కుర్చీ జరుపుకున్నాడు. "నన్ను అవతలి లాయరు అనుకోండి. బట్టలు ఎవరు ఉతుకుతున్నారు?"

"నేనే సార్, మిషన్లో."

"సబ్బుపొడి ఎక్కడ వేస్తారు?"

"లోపల."

"లోపలంటే?"

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. "బట్టల మీద చల్లుతాం కదా సార్, ఉప్పు చల్లినట్టు."

"దుప్పట్లకి ఏ నంబరు పెడతారు?"

"ఫుల్లు!"

ఆమెకి నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వింది, నవ్వుతుంటే భుజం లాగింది, అయినా నవ్వింది. లాయరు మాత్రం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇలా చెబితే వాళ్లు మనల్ని ఉతికి ఆరేస్తారు సార్." తర్వాత ఆమె వైపు తిరిగాడు. "మీరొక పని చెయ్యండమ్మా. ఇంట్లో ఏది ఎక్కడుంటుందో, ఏ పని ఎలా చేస్తారో అన్నీ వివరంగా రాసి మీవారికి ఇవ్వండి. పది రోజులు టైముంది, బట్టీ పట్టేస్తారు."

"ఈ చేత్తోనేనా అండీ రాయాల్సింది?" అందామె.

ఎవరూ నవ్వలేదు. జోక్ అని కూడా ఎవరూ అనుకున్నట్టు లేదు.

"ఒకసారి చెయ్యి పైకెత్తండి చూద్దాం" అన్నాడు లాయరు. ఆమె ఎత్తింది. ఛాతీ దాటగానే చెయ్యి ఆగిపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. "శభాష్! అక్కడే ఆపండి. ఆ రోజు కూడా సరిగ్గా అంతే."

కార్లో అతను ఈల వేస్తూ స్టీరింగ్ మీద తాళం వేశాడు. ఆ ఈల అంటే ఆమెకి ప్రాణం. "నేను తప్పాను గానీ నువ్వు అదరగొట్టావ్ పిచ్చుకా! ఆ కన్నీళ్లు ఎలా తెప్పించుకున్నావ్? నాకు చెప్పకుండా నాటకాలు గానీ వేసేదానివా కాలేజీలో?"

ఆమె అతని మొహం వైపు చూసింది. ఎగతాళి కాదు. మెచ్చుకోలే. మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాడు. ఇరవై రోజులు. రాత్రి అటు పక్కకి తిరిగి పడుకోలేక ఆమె మూలిగినప్పుడు "రిహార్సలా?" అని నవ్వింది ఇందుకన్నమాట. జుట్టు ముడేసుకోవడానికి చెయ్యి లేవక అద్దం ముందు కూర్చుండిపోయినప్పుడు "ఇక్కడ ఎవరూ లేరులే, కానీ" అన్నది ఇందుకే. లాయరు ఆఫీసు వరండాలో, పదిమంది చూస్తుండగా, జేబులోంచి దువ్వెన తీసి అంత ప్రేమగా తన తల దువ్వాడే, ఆ రోజంతా గాల్లో తేలిపోయిందే తను, అది కూడా తనతోపాటు నటిస్తున్నాననుకునే చేశాడా? నొప్పి ఉందని అతనికి తెలుసు, అయినా పని తప్పదనుకుంటున్నాడు అని ఆమె ఇన్నాళ్లూ సర్దిచెప్పుకుంది. అతనికి అసలు తెలియనే తెలియదు. తెలుసుకోవాలని ఒక్కసారి అడిగిందీ లేదు. అడిగినవాడు వెనక కారాయన ఒక్కడే.

సిగ్నల్ పడింది. కారు ఆగింది. ఆమె ఎడమ చేత్తో కుడి మోచేతిని పట్టుకుని కూర్చుంది. ఇల్లు వచ్చేదాకా అతను ఈల ఆపలేదు.

లోపలికి రాగానే అత్తగారు, "పట్టీ మేకుకి తగిలించెయ్యమ్మాయ్, మాసిపోతుంది. కాస్త టీ పెట్టు, తల పగిలిపోతోంది" అన్నారు.

ఆమె పట్టీ విప్పలేదు. ఇరవై రోజుల్లో మొదటిసారి పట్టీతోనే వెళ్లి సోఫాలో, అత్తగారి పక్కన కూర్చుంది. సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"నేనిది చదివానండీ."

"చదివేదేముంది, సంతకం పెట్టెయ్" అన్నాడు అతను.

"పెడతాను. నిజమయ్యాక."

"ఏది నిజమయ్యాక?"

"మూడో పేరా."

అతను కాగితం తీసి చదివాడు. అత్తగారికి చదివే అవసరం లేకపోయింది. "మొగాడు వంట చేస్తాడని రాసింది కోర్టు కోసమే అమ్మాయ్, ఇంటి కోసం కాదు!"

"నా సంతకం కూడా కోర్టు కోసమే కదా అత్తయ్యా. ప్రమాణం చేసి చెప్పాల్సింది నేను. అబద్ధమని తేలితే నిలదీసేది నన్నే. ఇప్పటిదాకా నేనే చేశానని ముందు రాయిస్తాను. ఈరోజు నుంచి మీరు చేస్తే, ఈరోజు నుంచని రాయిస్తాను. చెయ్యకపోతే ఆ పేరాయే ఉండదు."

"పిచ్చుకా, దావా డబ్బుతో కొత్త కారు వచ్చే ముందు ఈ పేచీ ఏంటి?" అతను నవ్వబోయాడు. "లాయరు చెప్పాడుగా, కాగితం మీద రాసిచ్చెయ్, నేను బట్టీ..."

"నాకు నిజంగానే నొప్పిగా ఉందండీ."

"అబ్బా, ఇక్కడ కూడానా?"

ఆమె లేచి నిలబడింది. పట్టీ లోంచి చెయ్యి బయటికి తీసి, మెల్లగా పైకెత్తింది. ఛాతీ దాటగానే అది ఆగిపోయింది, వణికింది. ఆమె దాన్ని దించలేదు. వణుకుతున్న చేతిని అలాగే ఉంచింది, అతను చూసేదాకా.

"చూడండి. కర్టెన్లు వేసే ఉన్నాయి. లాయరు లేడు, కెమెరా లేదు. ఇక్కడ నేను ఎవరి కోసం నటించాలి?"

అతని నవ్వు మొహం మీద ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉండి జారిపోయింది. అతను ఆ చేతిని చూశాడు, తలుపు వెనక మేకుని చూశాడు, వంటింటి వైపు చూశాడు. "మరి... ఇన్నాళ్లూ ఆ నీళ్ల గిన్నె..." అన్నాడు. అత్తగారు, "మా కాలంలో జ్వరాలతో కూడా..." అని మొదలుపెట్టారు గానీ ఆ మాటని అందుకునేవాళ్లు లేక గదిలో అలాగే మిగిలిపోయింది.

ఆమె చెయ్యి మళ్లీ పట్టీలో పెట్టుకుంది. వెళ్లి ముందు బాల్కనీ కర్టెన్ బర్రున లాగేసింది. తలుపు తీసి, కుండీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. మొక్కకి ఇరవై రోజుల్లో రెండు కొత్త ఆకులు వచ్చాయి. తను చూడనే లేదు. కింద బూడిదరంగు కారు అద్దం సగం దిగి ఉంది. లోపలికి వెళ్లిపోవాలనీ, టీ పెట్టేసి అందరినీ మామూలుగా చేసెయ్యాలనీ కాళ్లు లాగుతున్నాయి. కుర్చీ అంచు ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుంది.

లోపల అరల తలుపులు తెరుచుకోవడం, మూసుకోవడం.

"సబ్బుపొడి ఏ అరలో ఉంది?" అతని గొంతు.

"వెతకండి" అందామె.

ఇంకాసేపటికి మిషన్ తిరగడం మొదలుపెట్టింది. అది ఆగేదాకా ఆమె అక్కడే కూర్చుంది. చివరికి పొద్దున కింద పడిన దుప్పటిని బుట్టలో వేసుకుని, చొక్కా ముందంతా తడిపేసుకుని అతను హాల్లోకి వచ్చాడు. అడుగులు వెనక సందు వైపు మళ్లడం ఆమెకి వినిపించింది.

"అటు కాదండీ" అంది, తల తిప్పకుండానే. "ఇక్కడ ఆరెయ్యండి, ముందు వైపు. కింద కార్లో ఉన్నాయన ఫొటో తీసుకోనీండి."