నీళ్ళు చల్లి చూసిన ఎండ

మా జిల్లా ఆఫీసులో జిల్లా చరిత్ర రాయిస్తున్నారు. రాసేది పెద్దలు, టైపు కొట్టేది నేను. రాజులొచ్చారు, పోయారు. కరువులొచ్చాయి, పోయాయి. అధికారులొచ్చారు, బదిలీ అయ్యారు. ఎవరెలా పోయినా నాకేం, నా వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆ రోజు మధ్యాహ్నం వాతావరణం అధ్యాయం చేతికొచ్చింది. "ఈ జిల్లాలో వేసవి భరించదగినంతగా ఉంటుంది" అన్న వాక్యం దగ్గర ఠక్కున ఆగిపోయాను.

భరించదగినంతగానట! అరికాలి మంట నెత్తికెక్కింది.

మా ఆయన రోడ్డు రోలరు నడుపుతాడు. కింద ఉడికే తారు, ఎదురుగా ఇంజను, నెత్తిన సూర్యుడు. కిందటి వేసవిలో రోలరు మీదే సోలిపోయాడు. మళ్ళీ వడదెబ్బ తగిలితే మనిషి దక్కడమ్మా అని డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. ఆ మాట చెబితే మా ఆయన "డాక్టర్లు అలాగే అంటారులే" అని తలకి తువ్వాలు చుట్టుకుని బయల్దేరాడు. మానేయమంటే మానేసే మనిషి కాదు. మానేస్తే మర్నాటికి ఆ రోలరు ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఆయన బయల్దేరిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండదు.

మా ఆఫీసులో ఒక రూలుంది. ఆఫీసు థర్మామీటరులో పాదరసం ఎర్ర గీత దాటితే జిల్లా అంతటా మధ్యాహ్నం పూట బయటి పనులు ఆపాలి. రూలు బంగారమే. కానీ నేను ఉద్యోగంలో చేరాక ఆ పాదరసం ఎర్ర గీత మొహం చూసిన పాపాన పోలేదు.

ఇవాళ తాడో పేడో తేల్చుకోవాల్సిందేనని లేచాను. థర్మామీటరు చూసే గుమాస్తాని మేమంతా వెటకారానికి పాదరసం గారంటాం. నత్త ఆయన కన్నా చురుకు, అందుకని. ఆయన కుర్చీలో లేరు. పెరట్లోకి వెళ్ళారేమోనని నేనూ వెళ్ళాను.

ఆ పెరట్లోకి నేనెప్పుడూ అడుగు పెట్టలేదు. హాల్లో ఫోటోలో ఉన్న పాతకాలం అధికారి ఎండకి తాళలేక అక్కడ చుట్టూ చెట్లు నాటించాడట. ఎండలోకి రాకుండానే చూసుకోవచ్చని ఆ చెట్ల మధ్య గోడకే థర్మామీటరు పెట్టె కొట్టించాడు. అబ్బ, ఎంత చల్లగా ఉందో! ఆ పెట్టె కింద అటెండరు తాతయ్య బకెట్టుతో నీళ్ళు చల్లుతున్నాడు.

"ఏం తాతయ్యా, బండరాళ్ళకి నీళ్ళేంటి? మొలకెత్తుతాయా?"

"బండల సెగ పాదరసం గారి మొహానికి కొడుతుందమ్మాయ్. ఆయనొచ్చే ముందు రోజూ చల్లార్చాలి. నా ముందువాడూ ఇదే చేశాడు, వాడి ముందువాడూ ఇదే."

"చల్లార్చి, వేడి చూస్తారా?"

"మరి వేడిగా ఉంటే ఎలా చూస్తారమ్మా?"

నా నోరు లేచింది. ఎంత లేచిందంటే, కొత్తగా వచ్చిన జిల్లా అధికారి మేడమ్ తన గదిలోంచి పరుగున వచ్చింది. వెనకాలే పాదరసం గారు తాపీగా వచ్చారు.

"ఎద్దు పుండు కాకికి ముద్దా మేడమ్!" అన్నాను. ఎవరితో మాట్లాడుతున్నానో కూడా చూసుకోలేదు. "ఇక్కడ చెట్టు కింద నీళ్ళు చల్లుకుని మీరు ఎండ చూస్తారు. అక్కడ మా ఆయన తారు మీద ఉడికిపోతున్నాడు. ఇంకోసారి పడిపోతే లేవడు!"

మేడమ్ తడి బండల్ని చూసింది, చెట్లని చూసింది, చివరికి నన్ను చూసింది. "ఆ థర్మామీటరు విప్పండి" అంది.

పాదరసం గారు అదిరిపడ్డారు. "మేడమ్, గోడ కట్టినప్పటి నుంచీ అది అక్కడే ఉంది!"

"అందుకే విప్పమంటున్నాను."

జీపులో రోడ్డు పని దగ్గరికి వెళ్ళాం. నేను జీపు దిగడం చూసి మా ఆయన రోలరు ఆపి పరుగెత్తుకొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. "ఏమైందే? పిల్లలు బాగానే ఉన్నారా?" అన్నాడు.

"పిల్లలకేం, దుక్కల్లా ఉన్నారు. మీరు నోరు మూసుకుని నీళ్ళు తాగండి."

థర్మామీటరుని ఎండలో పెడితే న్యాయం కాదని మేడమ్ తన గొడుగు నీడలో పట్టుకుంది. పాదరసం పైకి పాకింది. పాకి పాకి, ఎర్ర గీత కింద వచ్చి ఆగింది. నా గుండె కూడా దాంతోపాటే ఆగింది. పాదరసం గారు నా చెవి దగ్గరికొచ్చి, "మేడమ్ అటు తిరిగినప్పుడు కాస్త ఊదమంటారా?" అన్నారు. ఆయన్ని మెచ్చుకోవాలో మొట్టాలో తెలియలేదు. "వద్దు బాబూ, మీకు దణ్ణం పెడతాను" అన్నాను.

అంతలో ఎవరూ ఊదకుండానే గీత దాటింది. దాటి, ఇంకా పైకి పోయింది.

మేడమ్ అక్కడికక్కడే ఆర్డరు రాసింది. సంతకం చేద్దామంటే జీపు బానెట్టు పెనంలా కాలుతోంది. పాదరసం గారు జన్మలో మొదటిసారి చురుగ్గా కదిలి వీపు వంచారు. ఆ వీపు మీద కాగితం పెట్టి సంతకం చేసింది. "ఎండ తగ్గేదాకా మధ్యాహ్నం పనుల్లేవు. తెల్లవారుజామునే మొదలుపెట్టుకోండి" అంది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను.

"సగంలో ఆపితే తారు గట్టిపడిపోతుందే!" అని మా ఆయన గొణిగాడు.

"తారు గట్టిపడితే మళ్ళీ కాచుకుంటారు. మిమ్మల్ని ఎక్కణ్ణుంచి తెచ్చుకోను?" అన్నాను. కూలివాళ్ళంతా నవ్వారు. ఆయన తల దించుకుని రోలరు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు భోజనాల వేళ ఇంటికొచ్చేసరికి మా ఆయన చాప మీద పడుకుని గోడలవంక వింతగా చూస్తున్నాడు.

"మన గదిలోకి పగలు ఇంత వెలుతురొస్తుందా?" అన్నాడు.

"వస్తుంది. ఇన్నేళ్ళలో ఎండాకాలం ఒక్క మధ్యాహ్నమైనా ఇంట్లో ఉన్నారు గనకనా?"

కిటికీ తెర లాగాను. అంతలోనే గురక మొదలైంది. ఏళ్ళ తరబడి ఆ గురకని తిట్టుకుంటూ చెవుల మీద దిండు కప్పుకున్నదాన్ని. ఆఫీసులో ఆ "భరించదగిన" వేసవి వాక్యం కొట్టేసి కొత్తది టైపు చేయాలి, మేడమ్ ఎదురుచూస్తోంది. అయినా కదలబుద్ధి కాలేదు. అన్నం చల్లారిపోతున్నా గోడకి ఆనుకుని ఆ గురక వింటూ కూర్చున్నాను.